నిక్కరు నుంచి ప్యాంటు దాకా: వందేళ్ల కిందటి ఫ్రెంచి అబ్బాయిల సూటు కథ



తొమ్మిదో తరగతి సోషల్‌లో ఫ్రెంచి విప్లవం పాఠం చెబుతున్నప్పుడు ‘సాన్ క్యూలాట్లు’ అనే మాట వస్తుంది. క్యూలాట్ అంటే మోకాళ్ల దాకా ఉండే బిగుతు లాగు. 1789 ప్రాంతంలో ఫ్రాన్సులో ప్రభువులు, డబ్బున్నవాళ్లు ఆ లాగులు తొడిగేవారు. కూలి పనివాళ్లు, చేతిపనులవాళ్లు, చిన్న దుకాణదారులు పాదాల దాకా వచ్చే ప్యాంట్లు వేసుకునేవారు. అందుకే విప్లవంలో వీధుల్లోకి వచ్చిన మామూలు జనానికి ‘క్యూలాట్ లేనివాళ్లు’ అని పేరు పడింది.

ఇంతవరకు చెప్పేసరికి వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. “మేడమ్, అప్పుడు పొట్టి లాగు గొప్పవాళ్లది, పొడుగు ప్యాంటు పేదవాళ్లది కదా. మరి మాకు చిన్న క్లాసుల్లో నిక్కరు వేసి, తర్వాత ప్యాంటు ఇచ్చి ‘పెద్దవాడివయ్యావు’ అంటారేంటి? ఎప్పుడు తిరగబడింది ఇది?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు వెంటనే జవాబు తట్టలేదు. “రెండు రోజులు టైమివ్వు, చదివి చెప్తాను” అన్నాను.

చదువుతూ పోతే ఆ జవాబు ఫ్రాన్సులోనే దొరికింది. 1900 నుంచి 1930 దాకా అక్కడి అబ్బాయిలు ఏ వయసులో ఏం తొడుక్కున్నారో చూస్తే, పెద్దవాళ్లు పిల్లల్ని ఎలా చూశారో అర్థమవుతుంది. క్లాసులో చెప్పిన ఆ పాఠాన్నే ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

గౌన్లలో అబ్బాయిలు

ముందు మన పిల్లలు నమ్మని సంగతి. 1900 నాటికి కూడా ఫ్రాన్సులో మూడు నాలుగేళ్ల అబ్బాయికి గౌనే వేసేవారు. అమ్మాయికీ అబ్బాయికీ పెద్ద తేడా ఉండేది కాదు. కొందరు తల్లులు ఉంగరాల జుట్టు కూడా భుజాల దాకా పెంచేవారు. దీనికి కారణం చాలా మామూలుది. పక్క తడిపే వయసు పిల్లాడికి గుండీలున్న లాగు విప్పి మార్చడం కన్నా గౌను పైకెత్తడం తేలిక. పిల్లాడు పెరిగితే గౌను అంచున మడత విప్పి పొడుగు చెయ్యవచ్చు.

మొదటి లాగు తొడిగే రోజు ఇంట్లో ఒక చిన్న పండగ. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజు ఎలా గుర్తుంటుందో, వాళ్లకు ఇది అలా గుర్తుండేది. ప్రసిద్ధ రచయిత జాన్ పాల్ సార్త్ర్ 1905లో పారిస్‌లో పుట్టాడు. ఏడాది దాటగానే తండ్రి పోయాడు. తల్లి పుట్టింట్లోనే పెరిగాడు. ఏడేళ్ల వయసులో తాతగారు ఎవరికీ చెప్పకుండా మంగలి షాపుకు తీసుకెళ్లి ఉంగరాల జుట్టు కత్తిరించి తెచ్చారట. అది చూసి తల్లి గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చిందని, 1964లో అచ్చయిన తన బాల్యస్మృతుల పుస్తకంలో ఆయన రాశాడు. తాతకు మనవడు మగపిల్లాడిలా కనిపించాలి. తల్లికి ఇంకా చిన్నవాడిగానే ఉండాలి. జుట్టు మాత్రం ఆ పిల్లాడిది.

నావికుడి సూటు

గౌను తర్వాత చాలామంది అబ్బాయిలకు వచ్చే మొదటి సూటు సెయిలర్ సూటు. ఫ్రెంచిలో ‘కోస్త్యూమ్ మరాఁ’ అంటారు. ముదురు నీలం రంగు, వీపు మీద చదరంగా పడే వెడల్పాటి కాలరు, కాలరు అంచున తెల్లని గీతలు, ముందు ముడి వేసిన రుమాలు, తల మీద టోపీ. కింద మోకాళ్ల దాకా లాగు, పొడుగు మేజోళ్లు. ఎండాకాలానికి ఇదే సూటు తెల్ల నూలు గుడ్డతో కుట్టించేవారు.

ఇది మొదలైంది ఇంగ్లండులో. 1846లో విక్టోరియా మహారాణి పెద్ద కొడుకు, నాలుగేళ్ల ఎడ్వర్డ్‌కు రాజకుటుంబపు ఓడ మీద ఉన్న టైలరు చేత నావికుల బట్టలు చిన్నగా కుట్టించారు. వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు ఆ వేషంలో యువరాజు బొమ్మ గీశాడు. ఆ బొమ్మ యూరప్ అంతా పాకింది. 1900 వచ్చేసరికి ఫ్రాన్సులో మధ్యతరగతి ఇంట్లో సెయిలర్ సూటు లేని అబ్బాయి ఉండటం అరుదు. అదే కాలరు, కింద స్కర్టు పెట్టి అమ్మాయిలకూ కుట్టించేవారు.

ఎందుకంత నచ్చింది? రెండు కారణాలు. తల్లిదండ్రులకు అందులో దేశం కనిపించింది. అది ఓడలతో సముద్రాలు దాటి వలసలు ఏలుతున్న ఫ్రాన్సు. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా అప్పుడు వాళ్ల పాలనలోనే ఉంది. పిల్లలకు మాత్రం వేరే సుఖం దొరికింది. అంతకు ముందు వచ్చిన వెల్వెట్ కోట్లు, గంజి పెట్టిన కాలర్లతో పోలిస్తే సెయిలర్ చొక్కా వదులుగా ఉంటుంది. మెడ పట్టదు. చేతులు పైకెత్తొచ్చు. అసలు అది ఓడ మీద తాళ్లు లాగే మనుషుల కోసం పుట్టిన బట్ట కదా. మన దగ్గర కూడా కొన్ని స్కూళ్లలో చిన్నపిల్లల యూనిఫాంకి వెడల్పు కాలరు, తెల్ల గీతలు ఉంటాయి. అది ఆ కుటుంబానిదే.

కొన్నది ఎక్కడ?

అంతకు ముందు సూటు అంటే టైలరు ఇంటికి వచ్చి కొలత తీసుకోవాలి, లేదా ఇంట్లో అమ్మ కుట్టాలి. రెడీమేడ్ ఆ పద్ధతిని మార్చింది. పారిస్‌లో 1824లో మొదలైన ‘బెల్ జార్డినియేర్’ రెడీమేడ్ బట్టలకు పేరుపడ్డ దుకాణం. తర్వాత ‘బాన్ మార్షే’, ‘ప్రింటాఁ’, ‘సమారిటైన్’ లాంటి పెద్ద పెద్ద స్టోర్లు వచ్చాయి. వాటి బొమ్మల కేటలాగులు పోస్టులో పల్లెలకు కూడా వెళ్లేవి. అందులో ఒక పేజీలో అరడజను మంది అబ్బాయిలు రకరకాల సూట్లలో బుద్ధిగా నిలబడి ఉంటారు. ఒకడి చేతిలో చక్రం, ఒకడి చేతిలో బొమ్మ ఓడ. ఎవరి బట్టల మీదా మరక ఉండదు.

సైజు వయసుతో చెప్పేవారు: నాలుగేళ్లు, ఆరేళ్లు, ఎనిమిదేళ్లు. ఫ్రాన్సులో ఇవాళ్టికీ పిల్లల బట్టల మీద వయసే రాస్తారు. మన అలవాటు కూడా అంతే కదా. “ఎనిమిదేళ్ల బాబుకి చూపించండి” అంటాం. వెంటనే “ఒక సైజు పెద్దదే ఇవ్వండి, పెరిగే పిల్లాడు” అని కూడా అంటాం.

పొట్టి లాగు ఎప్పటిదాకా?

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకు వద్దాం. విప్లవం తర్వాత మగవాళ్లంతా క్రమంగా పొడుగు ప్యాంట్లకు మారారు. ప్రభువుల లాగు పాతబడింది. 1860ల తర్వాత మోకాళ్ల దాకా వచ్చే లాగు అబ్బాయిల కోసం తిరిగి వచ్చింది. అప్పటికి దాని అర్థం మారిపోయింది. ఒకప్పుడు ‘నేను గొప్పవాణ్ణి’ అని చెప్పిన బట్ట ఇప్పుడు ‘నేను ఇంకా చిన్నవాణ్ణి’ అని చెబుతోంది.

మనం వాడే ‘నిక్కరు’ అనే మాటకు కూడా ఇలాంటి కథే ఉంది. ఇంగ్లిషులో మోకాళ్ల దగ్గర బిగించే లాగుకు నికర్‌బాకర్స్ అని పేరు. అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1809లో రాసిన హాస్య పుస్తకంలోని ఒక డచ్చి పాత్ర ఇంటిపేరు అది. ఆ పేరు పొట్టిదై, బ్రిటిషువాళ్లతో ఓడ దిగి, మన ఇళ్లలో నిక్కరయింది.

ఫ్రాన్సులో అబ్బాయిలు పన్నెండు, పద్నాలుగేళ్లు వచ్చేదాకా పొట్టి లాగులోనే ఉండేవారు. చలికాలంలో కూడా అంతే, కింద పొడుగు మేజోళ్లు వేసేవారు. ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. మోకాలి చర్మం దోక్కుపోతే దానంతటదే మానుతుంది. ప్యాంటు మోకాలు చిరిగితే అతుకు వేయాలి. పైగా ఎదిగే కుర్రాడికి పొడుగు ప్యాంటు ఆరు నెలల్లో పొట్టయిపోతుంది.

కానీ పేదింటి పిల్లలకు పొడుగు ప్యాంటు తొందరగా వచ్చేది. ఎందుకంటే పని తొందరగా వచ్చేది. 1882 చట్టం ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా చదువు తప్పనిసరి చేసింది. 1892 చట్టం పదమూడేళ్లు నిండకుండా ఫ్యాక్టరీ పనిలో పెట్టుకోకూడదని చెప్పింది. ప్రైమరీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే పన్నెండుకే వెళ్లొచ్చు. అంటే ఒకే వయసు పిల్లలిద్దరిలో ఒకడు మోకాళ్లు కనిపించే సూటులో హైస్కూలుకు వెళ్తుంటే, ఇంకొకడు పెద్దవాళ్ల ప్యాంటులో పనికి వెళ్లేవాడు. ఎవరు ఎంతకాలం చిన్నపిల్లాడిగా ఉండొచ్చో ఇంటి డబ్బే తేల్చేది.

నల్ల అంగీ

బడిలో ఈ తేడాను కొంత కప్పిన బట్ట ఒకటి ఉంది. ప్రైమరీ బడిలో అబ్బాయిలు చొక్కా, లాగు మీద ‘బ్లూజ్’ అనే వదులు అంగీ తొడుక్కునేవారు. నలుపు లేదా బూడిద రంగు, పొడుగు చేతులు, నడుముకు బెల్టు. బెంచీలకు పింగాణీ సిరాబుడ్లు, చేతిలో ఉక్కు పాళీ కలం, ఊదారంగు సిరా. ఆ సిరా ఒక్క చుక్క పడితే ఉన్న ఒక్క మంచి సూటు పాడైనట్టే. అంగీ నల్లగా ఉంటే మరక కనిపించదు.

ఆ అంగీ కింద ఒకడికి పారిస్ స్టోరులో కొన్న సూటు ఉండొచ్చు. పక్కవాడికి అన్నయ్య వదిలేసిన లాగు, దాని మీద నాలుగు అతుకులు ఉండొచ్చు. బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేసేటప్పుడు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. అయితే పూర్తిగా కాదు. చెప్పులు చూస్తే తెలిసిపోయేది. పేద పిల్లలు చెక్క చెప్పులతో వచ్చేవారు.

మన యూనిఫాం గురించి కూడా “పిల్లలంతా సమానంగా కనిపించాలి” అని మనం చెబుతుంటాం. నిజమే. కానీ పిల్లలు బూట్లు చూస్తారు, వాటర్ బాటిల్ చూస్తారు, వాచీ చూస్తారు. సమానం అనే మాట నిలబడాలంటే యూనిఫాం ఒక్కటే సరిపోదు. మిగతాది మీ చేతుల్లో, మా చేతుల్లో ఉంది.

గుండీల యుద్ధం

పల్లెటూళ్లలో బడిపంతులుగా పనిచేసిన లూయీ పెర్గో 1912లో ‘గుండీల యుద్ధం’ అనే నవల రాశాడు. రెండు పక్క పక్క ఊళ్ల అబ్బాయిల మధ్య గొడవ. ఎదుటి పక్షం వాడు చిక్కితే కొట్టడం కన్నా పెద్ద శిక్ష ఒకటి కనిపెడతారు. వాడి చొక్కా గుండీలు, లాగు గుండీలు, కొక్కేలు, బూట్ల తాళ్లు అన్నీ కోసేసి పంపిస్తారు. ఎందుకంటే అసలు దెబ్బలు ఇంటి దగ్గర పడతాయి. గుండీలు లేకుండా ఇంటికొచ్చిన కొడుకును తండ్రి వదలడు.

ఆ భయంతో పిల్లలు ఏం చేస్తారో చూడండి. ఒకసారి బట్టలు విప్పేసి యుద్ధానికి వెళ్తారు, గుండీలే లేకపోతే కోసేది ఏముందని. తర్వాత తలా కొంచెం డబ్బు వేసుకుని గుండీలు, సూదులు, దారం కొని దాచుకుంటారు. ఒకడు లెక్కలు చూస్తాడు. వాడి అక్కాచెల్లెళ్లలో ఒకమ్మాయి కుట్టి పెడుతుంది. కథ చదువుతుంటే నవ్వొస్తుంది. పిల్లలు ఇంత తెలివి ఖర్చు పెట్టింది శత్రువుల కోసం కాదని, సొంత ఇంట్లో తిట్లు తప్పించుకోవడానికని గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది.

నాకు ఆగిపోవడానికి కారణం ఉంది. ఈ మధ్య మా ఆరో తరగతిలో ఒక అబ్బాయి వరసగా మూడు గేమ్స్ పీరియడ్లు గ్రౌండు పక్కనే కూర్చున్నాడు. కడుపునొప్పి అన్నాడు. నాలుగో రోజు పక్కన కూర్చుని మెల్లగా అడిగితే చెప్పాడు. ముందు వారం కబడ్డీలో చొక్కా జేబు చిరిగింది. “ఇంకొక్కసారి చించుకుని రా, నీ సంగతి చెప్తా” అని ఇంట్లో అన్నారట. అందుకని ఆడటమే మానేశాడు. ఆ మాట అన్నవాళ్లు ఏదో కోపంలో అని మర్చిపోయి ఉంటారు. వాడు మర్చిపోలేదు. అంతకన్నా నన్ను బాధపెట్టింది కడుపునొప్పి అన్న అబద్ధం. ఆ రోజు నుంచి నా టేబుల్ సొరుగులో సూది, తెల్లదారం, అరడజను గుండీలు ఉంటున్నాయి. ఇప్పటికి నాలుగు అయిపోయాయి.

తెల్ల పట్టీ

ఫ్రెంచి క్యాథలిక్ కుటుంబాల్లో అబ్బాయికి జీవితంలో అతి ఖరీదైన సూటు పదకొండు, పన్నెండేళ్లకు వచ్చేది. చర్చిలో జరిగే ఘనమైన కమ్యూనియన్ వేడుక కోసం. ముదురు రంగు పొట్టి కోటు, గంజి పెట్టిన వెడల్పు తెల్ల కాలరు, ఎడమ చేతికి కుచ్చులు వేలాడే తెల్ల పట్టు పట్టీ. ఆ రోజు స్టూడియోకి వెళ్లి ఫొటో తీయించడం తప్పనిసరి. కూలి చేసుకునే కుటుంబాలు కూడా తాహతుకు మించి ఖర్చు పెట్టేవి. ఆ సూటు తర్వాత తమ్ముడికి వచ్చేది.

ఆ కాలపు స్టూడియో ఫొటోల్లో పిల్లలు ఒకేలా ఉంటారు. నిటారుగా నిలబడి, ఒక చెయ్యి కుర్చీ మీద, మొహంలో నవ్వు లేకుండా. ఆ సూటు ఎవరి కోసమో ఫొటో చూస్తే తెలుస్తుంది.

యుద్ధం వచ్చింది

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. అప్పటికి ఫ్రెంచి సైనికుల ప్యాంటు ఎర్ర రంగు. దూరం నుంచి స్పష్టంగా కనిపించేది. త్వరలోనే లేత నీలం యూనిఫాం తెచ్చారు. ఊళ్లో చిన్నపిల్లలకు సెయిలర్ సూటు బదులు నీలం సైనిక వేషాలు కుట్టించారు. ఆటకు తుపాకీ బొమ్మ ఇచ్చి ఫొటో తీయించారు.

ఆ నాలుగేళ్లలో సుమారు 14 లక్షల మంది ఫ్రెంచి సైనికులు చనిపోయారు. గుండీల కథ రాసిన బడిపంతులు పెర్గో కూడా 1915 ఏప్రిల్‌లో యుద్ధరంగంలోనే పోయాడు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లల బాధ్యత దేశమే తీసుకుంటుందని 1917 జులైలో చట్టం చేశారు.

యుద్ధం తర్వాత పిల్లల బట్టలు తేలికయ్యాయి. గంజి కాలర్లు తగ్గాయి. అల్లిన స్వెటర్లు, పొట్టి లాగులు, బెరే టోపీలు వచ్చాయి. కాస్త పెద్ద కుర్రాళ్లు మోకాళ్ల కింద బిగించే ‘గోల్ఫ్’ ప్యాంట్లు వేశారు. మీ పిల్లలకు అవి తెలుసు. పక్కనే ఉన్న బెల్జియంలో 1929లో ఫ్రెంచి భాషలో మొదలైన టిన్‌టిన్ బొమ్మల కథల్లో టిన్‌టిన్ వేసుకునేది ఆ ప్యాంటే.

అవే సూట్లు, ఇంకో ఫొటో

జాక్ హెన్రీ లార్తీగ్ 1894లో డబ్బున్న ఇంట్లో పుట్టాడు. చిన్నతనంలోనే నాన్న కెమెరా ఇచ్చాడు. తన అన్న జిసూను, బంధువుల పిల్లల్ని ఫొటోలు తీశాడు. ఆ పిల్లల ఒంటి మీద ఉన్నవి కూడా ఆ కాలపు కోట్లే, కాలర్లే. కానీ వాళ్లు గాల్లోకి దూకుతుంటారు, సొంతంగా చేసిన చక్రాల బండి మీద వాలులో దూసుకుపోతుంటారు. చాలా ఏళ్ల తర్వాత, 1963లో న్యూయార్క్ మ్యూజియంలో ఆ ఫొటోలు పెట్టినప్పుడు ప్రపంచం వాటిని చూసింది. స్టూడియో ఫొటో పెద్దవాళ్లు తీసింది. ఇది ఒక పిల్లాడు తీసింది. తేడా అక్కడుంది.

క్లాసులో రెండు రకాల ఫొటోలూ పక్క పక్కన చూపించాను. “వీళ్లలో ఎవరి అమ్మ ఎక్కువ తిట్టి ఉంటుంది?” అని ఒకమ్మాయి అడిగింది.

ఇంట్లో పిల్లలతో చేయండి

1. మీ ఇంట్లో పాత ఫొటో ఒకటి తీయండి. తాతగారిదైనా, మీ చిన్ననాటిదైనా. అందులోని బట్టలు ఎవరు కుట్టారు, ఏ సందర్భంలో, తర్వాత అవి ఎవరికి వెళ్లాయి, పిల్లలకు చెప్పండి. వాళ్లు పది వాక్యాలు ఇంగ్లిషులో, పది వాక్యాలు తెలుగులో రాయాలి.

2. ఐదో తరగతి దాటిన ప్రతి పిల్లాడికీ, పిల్లకీ గుండీ కుట్టడం నేర్పండి. అబ్బాయిలకు తప్పకుండా. పది నిమిషాల పని.

3. యూనిఫాం కొనేటప్పుడు పిల్లాణ్ణి అందులో కూర్చోమని, వంగమని, చేతులు పైకెత్తమని చెప్పండి. అద్దం ముందు నిలబడితే చాలదు.

4. బట్ట చిరిగి ఇంటికొచ్చిన రోజు మొదటి ప్రశ్న “దెబ్బ తగిలిందా?” అని అడగండి. చొక్కా గురించి తర్వాత మాట్లాడొచ్చు.

చివరగా, ప్రశ్న అడిగిన అబ్బాయికి రెండు రోజుల తర్వాత ఈ కథంతా చెప్పాను. పొట్టి లాగుకు, పొడుగు ప్యాంటుకు సొంతంగా ఏ గొప్పా లేదని, కాలాన్ని బట్టి పెద్దవాళ్లే అర్థం పెడుతూ వచ్చారని అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే మేడమ్, మాకు మళ్లీ నిక్కరే ఇప్పించండి. గ్రౌండులో పడితే మోకాలు మానుతుంది. ప్యాంటు చిరిగితే ఇంట్లో మానదు” అన్నాడు.

ఈ మాట మీకు చేరవేస్తానని వాడికి మాటిచ్చాను.

మీ పిల్లల సోషల్ స్టడీస్ టీచర్